చీకటి పడగానే నెట్ తెగిపోతుంటే మార్జిన్ ఎలా పడిపోతోందో చూడండి

పగలంతా బాగుండి రాత్రయ్యేసరికి డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే నెట్) పదే పదే తెగిపోతోందని, మోడెమ్ పేజీలో కనిపించే అటెన్యుయేషన్, ఎస్ఎన్ఆర్ మార్జిన్ అంటే ఏమిటని అడిగారు. నేనూ కొన్ని నెలలు ఈ బాధ పడ్డాను.

అటెన్యుయేషన్ అంటే ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి వచ్చేసరికి రాగి తీగలో సిగ్నల్ ఎంత నీరసించిందో చెప్పే లెక్క. అది ముఖ్యంగా తీగ పొడవును బట్టి ఉంటుంది, పూటపూటకూ పెద్దగా మారదు. ఒకసారి రాసుకుని వదిలేయండి. అసలు చూడాల్సింది మార్జిన్. ఇప్పుడున్న స్పీడు నిలబడటానికి కావాల్సినదానికన్నా, రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత మెరుగ్గా ఉందో అది చెబుతుంది. 6 డెసిబెల్స్ ఉంటే సాధారణంగా నడిచిపోతుంది. మాది పగలు 9 ఉండేది. రాత్రి ఏడున్నరకి 2కి పడిపోయి, మోడెమ్ మీద లైటు ఆరిపోయేది.

రాత్రిపూట కాస్త తగ్గడం మామూలే. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అనే రకం డీఎస్ఎల్ సిగ్నల్ 2.2 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, మీడియం వేవ్ రేడియో స్టేషన్లూ అందులోనే ఉంటాయి. చీకటి పడ్డాక ఎక్కడెక్కడి స్టేషన్లూ వినిపిస్తాయి కదా, ఆ రొదంతా మన తీగ మీదా పడుతుంది. కానీ అలాంటప్పుడు మార్జిన్ మెల్లమెల్లగా దిగుతుంది. మాకు ఒక్క దెబ్బన పడిపోయేది. అంటే ఎవరో ఏదో స్విచ్ వేస్తున్నారన్నమాట.

పాత ట్రాన్సిస్టర్ తీసి, మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట, 600 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, ఏడున్నరకి ఇల్లంతా తిరిగాను. టీవీ దగ్గరికి వెళ్లగానే బర్రుమని ఒకటే మోత. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్! నాన్న వార్తలు పెట్టే టైమ్ అది. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి లైన్ బాగుందన్నాడు. పాపం, రెండుసార్లూ పొద్దున్నే వచ్చాడు.

అడాప్టర్ వెతికే ముందు ఇంకో పని చేయండి. ఇంట్లో మిగతా ఫోన్ వైర్లన్నీ తీసేసి, లైన్ లోపలికి వచ్చే మొదటి జాక్‌కే మోడెమ్ పెట్టి చూడండి. లోపలి రెండు తీగలూ ఒకదానికొకటి మెలేసి లేని పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు అచ్చం ఏరియల్‌లా రొదను లాగేస్తుంది. ఫోన్ మోగినప్పుడే నెట్ పోతుంటే స్ప్లిటర్ (ఫోన్‌నీ నెట్‌నీ వేరుచేసే చిన్న డబ్బా) మార్చండి, లేదా ఎక్కడో జాయింట్ వదులైంది. రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కి వినండి. గరగరమంటే తప్పు బయటి లైన్‌లోనూ ఉండొచ్చు. అప్పుడు నెట్ స్లో అని కాకుండా ఫోన్‌లో గరగర అని కంప్లయింట్ రాయించండి, త్వరగా కదులుతారు.

ఇవన్నీ చేసినా తేలకపోతే, సాయంత్రం నుంచి అరగంటకోసారి మార్జిన్ రాసి పెట్టండి, చూసి చెబుతాను.