1856 ఫ్లయింగ్ ఈగిల్ సెంట్: 5 అంకె చూడండి

మీ 1856 అమెరికా ఫ్లయింగ్ ఈగిల్ సెంట్ తూకం సరిపోయింది, అయస్కాంతానికీ అంటలేదు, అయినా అసలుదేనా అన్న అనుమానం తీరలేదన్నారు. తీరదండీ. 1858 సెంట్‌లో చివరి 8ని గీకి 6 చేసేస్తుంటారు. రెంటి బరువూ 4.67 గ్రాములే, లోహమూ ఒకటే: 88 శాతం రాగి, 12 శాతం నికెల్.

లెన్స్‌తో 5 అంకె చూడండి. దాని నిలువు గీతను కిందికి పొడిగిస్తే అడుగున వంపు చివర ఉన్న గుండ్రటి బొట్టు నడిమధ్యకి రావాలి. తప్పిందంటే నాకైతే ఆశ లేదు. 6 చుట్టూ గీతలు కనిపించినా అంతే.

పాత పెద్ద రాగి సెంట్ తయారీ ఖర్చు పెరిగి, ఈ చిన్నదాన్ని ముందు నమూనాగా కొట్టి కాంగ్రెస్ సభ్యులకు చూపించారు. ఈ చిన్న సెంట్‌కి చట్టం 1857 ఫిబ్రవరిలో వచ్చింది. తర్వాత నాణేల సేకర్తల కోసం 1856 సెంట్‌నే మళ్లీ కొట్టారు కూడా. 5 సరిగ్గా ఉంటే గ్రేడింగ్‌కి, అంటే నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉందో నిపుణులు తేల్చే పరీక్షకి పంపండి. పాలిష్ మాత్రం చెయ్యకండి, ప్లీజ్!