గాలి పరుపుకి కూడా ఇన్సూరెన్సా?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళని రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు తీసుకునే బీమా) తీసుకోమంటే దాదాపు అందరిదీ ఒకటే మాట: "మా ఇంట్లో పోవడానికి ఏముందండీ? గాలి పరుపు, ల్యాప్‌టాప్, రైస్ కుక్కర్!" సరే, మీ సామాను సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీవల్ల పక్కింటివాళ్ళకి నష్టం జరిగితే ఎవరు కడతారు?

ఇక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క ఫ్రేముల మీద కట్టినవి. సాయంత్రం పునుగులకని స్టవ్ మీద నూనె పెడతారు. అంతలో ఇండియా నుంచి అమ్మ ఫోను. మాటల్లో పడి హాల్లోకి వెళ్తారు. మూకుడు అంటుకుంటుంది, సీలింగులో ఉండే స్ప్రింక్లర్లు (మంటలార్పే నీటి గొట్టాలు) తెరుచుకుంటాయి. మంట ఆరినా నీళ్ళు ఆగవు, కింది ఫ్లాటు సీలింగులోంచి వాళ్ళ సోఫా మీదకి, టీవీ మీదకి కారతాయి. బిల్డింగుకి యజమాని ఇన్సూరెన్స్ ఉంటుంది. కానీ ఆ కంపెనీ యజమానికి డబ్బు కట్టేసి, తప్పు మీదైతే ఆ డబ్బు రాబట్టడానికి మీ మీదకి రావచ్చు. రాష్ట్రాన్నిబట్టి, లీజులో రాసినదాన్నిబట్టి అది మారుతుంది. కింది ఫ్లాటువాళ్ళు వేరేగా అడగొచ్చు. ఇలాంటప్పుడు ఆదుకునేది మీ పాలసీలోని లయబిలిటీ భాగం, అంటే మీవల్ల ఇతరులకి జరిగిన నష్టానికి కట్టేది. మామూలుగా అది లక్ష డాలర్ల నుంచి మొదలవుతుంది. నెలకి ఒకటో రెండో డాలర్లు ఎక్కువ పెడితే మూడు లక్షలకి పెంచుకోవచ్చు, నా సలహా అదే. కేసు వేస్తే లాయర్ని కూడా కంపెనీయే పెడుతుంది. ఇల్లు బాగుచేసేదాకా హోటల్లో ఉండాల్సి వస్తే ఆ ఖర్చూ పాలసీ పరిమితి మేరకు ఇస్తారు.

ఇంతకీ నెలకి అయ్యేది చాలా ఊళ్ళలో పది, ఇరవై డాలర్ల మధ్యే. కారు ఇన్సూరెన్స్ ఉన్న కంపెనీలోనే తీసుకుంటే కొంత తగ్గిస్తారు కూడా. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదని ఆగకండి, అది లేకపోయినా చాలా కంపెనీలు ఇస్తాయి.

లీజింగ్ ఆఫీసులో "మీకెందుకు శ్రమ, అద్దెతో పాటు మేమే కలిపేస్తాం" అంటే మాత్రం కాగితం చదవందే ఒప్పుకోకండి. అలాంటి వాటిలో చాలావరకు యజమాని బిల్డింగుకి జరిగే నష్టానికే. మీ ల్యాప్‌టాప్ పోతే అందులోంచి పైసా రాదు. డబ్బు మీది, రక్షణ వాళ్ళది.

మనవాళ్ళు అసలు పట్టించుకోనిది బంగారం. పెళ్ళికి పెట్టిన నగలన్నీ సూట్‌కేసులో తెచ్చి క్లోజెట్లో పెట్టేస్తారు. పాలసీ ముప్పై వేల డాలర్లకి తీసుకున్నా, దొంగతనంలో పోయిన నగలకి చాలా పాలసీలు మొత్తం కలిపి 1,500 డాలర్ల దగ్గరే ఆపేస్తాయి. దాంతో ఈ రోజుల్లో రెండు తులాలు కూడా రావు. నగలని విడిగా రాయించి, బిల్లో విలువ కట్టిన కాగితమో ఇచ్చి, కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టాలి. బ్యాంకు లాకర్లో పెట్టినా, అందులోని నగలకి బ్యాంకు ఇన్సూరెన్స్ ఉండదు. నన్నడిగితే రోజూ వేసుకునేవి తప్ప మిగతావి ఇండియాలో ఉంచి రావడమే మేలు. అత్తగారు ఏమన్నా సరే!

నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉంటూ ఒకడి పేరు మీద పాలసీ తీసుకుంటే అది ఆ ఒక్కడికే. భార్యాభర్తలకి ఒకటి చాలు, రూమ్మేట్లు మాత్రం ఎవరిది వాళ్ళే తీసుకోవాలి.

కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్తే కారు ఇన్సూరెన్స్ అద్దం వరకే చూస్తుంది, ల్యాప్‌టాప్ ఈ పాలసీ కిందికి వస్తుంది. కాకపోతే డిడక్టబుల్ (నష్టంలో ముందు మీరు భరించాల్సిన భాగం) 500 డాలర్లుంటే, 700 డాలర్ల ల్యాప్‌టాప్‌కి చేతికొచ్చేది 200. దానికోసం క్లెయిమ్ పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది, ఆ క్లెయిమ్ మీ రికార్డులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పాలసీ తీసుకునేటప్పుడు "రీప్లేస్‌మెంట్ కాస్ట్", అంటే కొత్తది కొనడానికయ్యే ధర ఇచ్చే ఏర్పాటు, ఉందో లేదో చూడండి. లేకపోతే మూడేళ్ళ సోఫాకి పాత సోఫా ధరే కడతారు.

వరద, భూకంపం ఇందులో రావు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు ఎంతోమందికి ఈ సంగతి నీళ్ళు ఇంట్లోకి వచ్చాకే తెలిసింది. కింది అంతస్తులో ఉంటే ప్రభుత్వ వరద బీమాలో అద్దెవాళ్ళు కూడా సామానుకి లక్ష డాలర్ల వరకు తీసుకోవచ్చు. సాధారణంగా కట్టిన 30 రోజులకి గానీ అది మొదలవదు. తుఫాను వార్త టీవీలో వచ్చాక ఫోన్ చేసి లాభం లేదు.

ఇంట్లో దిగిన వారంలోపే ఫోనుతో గదిగదీ ఒక వీడియో తీసి, పెద్ద వస్తువుల బిల్లులతో కలిపి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. క్లెయిమ్ రోజున వాళ్ళు మొదట అడిగేవి అవే.