గాలిమరలు వానను ఆపుతాయా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ ప్రాంతం. ఊరి పక్క మిట్టమీద గాలి ఫ్యాన్లు లేచినప్పటినుంచి మబ్బులు చెదిరిపోతున్నాయని, అందుకే వానలు రావడం లేదని మా పెద్దలు అంటున్నారు. ఇప్పుడు మరికొన్ని టవర్లు వేస్తామంటూ కంపెనీ తరఫు మనిషి నా మెట్టపొలాన్ని లీజుకు అడుగుతున్నాడు. పెద్దల మాట నిజమేనా? పొలం ఇవ్వవచ్చునా?
– ఒక రైతు

సమాధానం: ఏటికేడు వేరుశెనగ ఎండిపోవడం కళ్లారా చూసినవారికి, మిట్టమీద కొత్తగా లేచినదానిపైన అనుమానం కలగడం సహజమే. అయితే వాన కురిపించే మబ్బులు నేలకు అనేక వందల మీటర్ల పైన మొదలై కిలోమీటర్ల ఎత్తుదాకా పెరుగుతాయి. ఇప్పుడు వేస్తున్న పెద్ద ఫ్యాన్ల రెక్కల కొనలు సుమారు 250 మీటర్ల ఎత్తును మించడం అరుదు. నైరుతి గాలి తన తేమలో చాలాభాగాన్ని పడమటి కనుమల మీదే కుమ్మరించి మీ జిల్లాకు చేరుతుంది కనుక, అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే వాన పడుతుంది. అదే గాలి జూన్ నుంచి సెప్టెంబరు వరకు మీ మిట్టల మీద బలంగా వీస్తుంది కాబట్టే కంపెనీలు అక్కడికి వస్తున్నాయి. రామగిరి కొండల మీద గాలిమరలు వచ్చింది 1990లలో. ఆ సీమ ధాత కరువును చూసింది 1876–78లో.

ఫ్యాన్ల వల్ల వాతావరణంలో ఏ మార్పూ ఉండదని మాత్రం నేను అనను. కాలిఫోర్నియాలోని శాన్ గోర్గోనియో కేంద్రంలో తీసిన కొలతల్లో, గాలిమరలను దాటి వచ్చిన నేల దగ్గరి గాలి రాత్రిళ్లు కాస్త వెచ్చబడడం, పగలు కాస్త చల్లబడడం కనిపించింది. అది నేలను ఆనుకుని ఉన్న గాలిలో వచ్చే మార్పే.

నిజంగా భయపడవలసింది కొండమీది రోడ్ల గురించి. యాభై మీటర్లు దాటిన రెక్కను మోసే ట్రెయిలరు మలుపు తిరగాలంటే వెడల్పాటి రోడ్డు కావాలి, క్రేను నిలవడానికి చదును చేసిన జాగా కావాలి. ఆ రోడ్డును సరైన తూములు లేకుండా వంకకు అడ్డంగా వేస్తే, పడిన వాన కూడా కుంటకు చేరదు. లేదా కోతపెట్టిన మట్టితో కలిసి వచ్చి కుంటను పూడ్చేస్తుంది. 2022 దాకా మీ జిల్లాలోనే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ప్రాంతంలో, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో గ్రామస్థులు పెంచుకున్న కల్పవల్లి అడవిలో గాలిమరలు వచ్చినప్పుడు, కొండలను తొలిచి వేసిన రోడ్లు, మట్టికోత, పశువుల మేత నష్టం గురించే ప్రధానంగా అభ్యంతరాలు వచ్చాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన పరిధిలోకి గాలి విద్యుత్తు రాదు కనుక, ఆ ప్రకటన కింద జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా మీ ఊళ్లో జరగదు. కాబట్టి రోడ్డు ఏ వంకను ఎక్కడ దాటుతుందో, తూము ఎంత వెడల్పు ఉంటుందో గ్రామసభలో మ్యాపు పరిచి చూపించమని ఊరంతా కలిసి పనులు మొదలయ్యేలోగానే అడగండి.

ఇక పొలం సంగతి. ఇవ్వవద్దని నేను చెప్పను, నోటిమాట మీద మాత్రం ఇవ్వకండి. ఏడాదికి మించిన లీజును సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించాలి. మీది డి.పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలు ఉండవచ్చు కనుక, ముందుగా తహసీల్దారు కార్యాలయంలో విచారించి, అక్కడ చెప్పినది రాతపూర్వకంగా తీసుకోండి. టవరుకు ఎంత జాగా, రోడ్డుకు ఎంత, కరెంటు లైనుకు ఎంత అన్నది విడివిడిగా రాయించండి; టవరు చుట్టూ మిగిలిన నేలలో సేద్యం చేసుకునే హక్కు మీకే ఉండాలి. టవరు కింద వందల ఘనపు మీటర్ల కాంక్రీటు పోస్తారు. యంత్రం ఆయుష్షు ఇరవై, ఇరవై అయిదేళ్లు. అది తీరాక ఆ కాంక్రీటును ఎవరు, ఎంత లోతువరకు, ఎవరి ఖర్చుతో తీయాలో రాయని పత్రం మీద సంతకం పెట్టకండి. ఈ షరతును రైతులు అడగరు, కంపెనీ తనంతట తాను చెప్పదు. చివరకు ఆ బరువు మీ పిల్లల మీద పడుతుంది.

ప్రశ్న: గాలి హోరున వీస్తున్నా కొన్ని ఫ్యాన్లు కదలకుండా ఉంటాయి. ఎందుకు?
– ఒక విద్యార్థిని, కళ్యాణదుర్గం

సమాధానం: మరమ్మతు కోసం ఆపి ఉండవచ్చు. గాలి సెకనుకు సుమారు 25 మీటర్ల వేగం దాటితే యంత్రం దెబ్బతినకుండా అదే ఆగిపోతుంది గానీ, అంత గాలి అరుదు. విద్యుత్తు వాడకం తక్కువగా ఉన్నప్పుడు, లేదా లైన్లు అంత కరెంటును మోయలేనప్పుడు, లైన్లలో కరెంటు రాకపోకలను అదుపు చేసే లోడ్ డిస్పాచ్ కేంద్రం ఉత్పత్తి తగ్గించమని ఆదేశిస్తుంది. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక, నైరుతి కాలంలో అన్ని కేంద్రాలూ ఒకేసారి పెద్ద మొత్తంలో ఉత్పత్తి చేస్తాయి, ఈ ఆదేశాలకూ అప్పుడే ఎక్కువ అవకాశం ఉంటుంది. పై ప్రశ్న వేసిన రైతు దీన్ని కూడా గమనించాలి: అద్దెను ఉత్పత్తిలో వాటాగా ఇస్తామంటే ఒప్పుకోకుండా, ఫ్యాను తిరిగినా ఆగినా ఏటా చేతికందే స్థిరమైన మొత్తాన్నే పత్రంలో రాయించుకోండి.