కవచ్: ఇంజన్ ఒకరిది, స్టేషన్ మరొకరిది

ప్రశ్న: కవచ్ (రైళ్లు ఢీకొనకుండా చూసే భద్రతా వ్యవస్థ) పరికరాలు వేర్వేరు కంపెనీలవి కదా, ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయా? పట్టాల మధ్య ట్యాగులు ఎందుకు? — డిప్లొమా విద్యార్థి, కాజీపేట

జవాబు: కలిసి పనిచేసి తీరాలి. మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ (మూడూ హైదరాబాద్ సంస్థలే) సర్క్యూట్లు, సాఫ్ట్‌వేర్ ఎవరికి వారే తయారు చేసుకున్నాయి. ఇంజన్‌కీ స్టేషన్‌కీ మధ్య నడిచే రేడియో సందేశం మాత్రం లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో నిర్దేశించినట్టే ఉండాలి. ఆర్‌డీఎస్‌వో, ఈ కంపెనీలు కలిసి చేసిన పరిశోధనలో అసలు గొప్పతనం అదే. ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి.

ఇక ట్యాగుల సంగతి. ఇంజన్ తన స్థానాన్ని చక్రం తిరిగిన లెక్కతో తెలుసుకుంటుంది. కొత్త చక్రం వ్యాసం 1092 మి.మీ., పూర్తిగా అరిగితే 1016. పాత అంకె అలాగే ఉంచేస్తే ఇంజన్‌లోని కవచ్ యూనిట్ కిలోమీటరు వచ్చాననుకుంటుంది, నిజానికి వచ్చేది 930 మీటర్లే! బ్రేకు వేసినప్పుడు చక్రం జారినా లెక్క తప్పుతుంది. పట్టాల కింది స్లీపర్‌పై ఉన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగును (తానున్న చోటును రేడియో ద్వారా తెలిపే చిన్న పరికరం) దాటగానే ఆ తేడా సరిదిద్దుకుంటుంది. అయినా లేత్‌పై చక్రం చెక్కిన ప్రతిసారీ కొత్త వ్యాసాన్ని కొలిచి యూనిట్‌లో నమోదు చేయాల్సిందే.