సందేహాలు – సమాధానాలు: ఆహ్వానపత్రంలో ‘అందుబాటు’

సందేహం: మా కళాశాలలో రెండు రోజుల భాషా సదస్సు పెడుతున్నాం. ఆహ్వానపత్రంలో ‘దివ్యాంగులకు ప్రత్యేక ఏర్పాట్లు కలవు’ అని రాశాం. ‘వికలాంగులు’ అనాలని ఒకరు, ‘విభిన్న ప్రతిభావంతులు’ అనాలని ఇంకొకరు పట్టుబడుతున్నారు. ఏది ఒప్పు? ‘యాక్సెసిబుల్’ అనే మాటకు ‘సుగమ్యం’ సరిపోతుందా?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మూడింటిలోనూ వ్యాకరణ దోషం లేదు. ‘కల’ అంటే భాగం. అన్ని భాగాలూ ఉన్నది సకలం, ఏదో ఒకటి తగ్గింది వికలం. వికల, దివ్య – ఈ రెండూ ‘అంగ’తో కలిసింది సవర్ణదీర్ఘ సంధితోనే. తేడా అర్థంలో ఉంది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ‘దివ్యాంగ్’ అన్న తర్వాత ఆ మాట ప్రభుత్వ కాగితాల్లోకి, అక్కణ్ణుంచి మన పత్రికల్లోకి వచ్చింది. కాలు పనిచేయకపోవడంలో దివ్యత్వం ఏముందని వికలాంగుల సంఘాలు కొన్ని అప్పుడే అడిగాయి. నాకూ అదే అనిపిస్తుంది. ఇక ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటారా, ఎవరి ప్రతిభ ఎవరిలా ఉంది కనుక? నేను ‘వికలాంగులు’ అనే రాస్తాను. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఆయన ఏ మాట కోరితే అదే.

అయితే 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టం వాటిని 21 చేసింది. అందరినీ ఒక్క మాటలో కట్టేసి ‘ప్రత్యేక ఏర్పాట్లు కలవు’ అంటే చదివినవారికి తెలిసేది ఏమీ లేదు. ‘కలవు’ అనేది బోర్డు భాష. ‘అద్దెకు గదులు కలవు’ అన్నట్టుంది.

‘సుగమ్యం’ సంస్కృతం నుంచి హిందీ మీదుగా మనదాకా వచ్చింది. గమ్ అంటే వెళ్లడం, సుగమ్యం అంటే సులువుగా వెళ్లగలిగేది. మెట్ల పక్కన ర్యాంపుకు నప్పుతుంది, ప్రసంగానికి నప్పదు. మనకు ‘అందుబాటు’ ఉండగా అదెందుకు? తిరుగు, దిద్దు, సర్దు అనే క్రియలకు ‘పాటు’ చేరి తిరుగుబాటు, దిద్దుబాటు, సర్దుబాటు అయినట్టే అందుబాటు కూడా. ‘అందు’ క్రియ నడక చూడండి. ‘కొమ్మ నాకు అందలేదు’ అంటాం. వాక్యంలో కర్త కొమ్మ, నేను కాదు. చూపు లేని ఒకాయన గురించి ‘పత్రం ఆయనకు అందలేదు’ అన్నప్పుడు కూడా అందాల్సిన పని పత్రానిదే. ఆయన మీద తప్పు పడదు.

రెండేళ్ల కిందట విజయవాడలో ఒక సదస్సులో నా పక్కన చూపు లేని అధ్యాపకుడొకరు కూర్చున్నారు. వేదిక మీద మాండలికాల పటం వేశారు. వక్త బాణం తిప్పుతూ “ఇక్కడ ఇలా అంటారు, అక్కడికొచ్చేసరికి ఇలా మారింది, ఇదేమో దానికి పూర్తిగా వ్యతిరేకం” అంటున్నారు. మా పక్కాయన నా చెవి దగ్గరకు వంగి, “మాస్టారూ, ఏది దేనికి వ్యతిరేకమండీ?” అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. గంటసేపు ఆ పటాన్ని గుసగుసలతో చదివిపెట్టాను.

ఇది, అది, ఇలా, అక్కడ – ఇవన్నీ వేలితో పూర్తయ్యే మాటలు. వేలు కనిపించకపోతే వాక్యం సగమే. ‘ఎర్రగా ఉన్నవి చూడండి’ అన్నా అంతే, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు చాలామంది ఉంటారు. ‘కృష్ణకు దక్షిణాన గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలకు ఎర్ర రంగు వేశాను’ అంటే చాలు. చూపున్న వెనక వరుసవారికీ అదే మేలు, వాళ్లకు మాత్రం బాణం కనపడుతుందా ఏమిటి!

అలాగని ‘చూడండి’ అనే మాటకే భయపడనక్కర్లేదు. రుచి చూస్తాం, విని చూస్తాం, అడిగి చూస్తాం. ఆ క్రియ కంటిని ఎప్పుడో దాటిపోయింది. చూపు లేనివారు కూడా ‘నిన్న మ్యాచ్ చూశాం’ అనే అంటారు. వేదిక మీద మానుకోవాల్సింది వేరే ఉంది. మైకు పని చేయకపోతే ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది’ అని చమత్కరించడం. ‘నా గొంతు పెద్దది, మైకెందుకు’ అనడమూ అంతే.

వినికిడి లేనివారి కోసం సైగభాష అనువాదకులను పిలుస్తుంటే వక్తల పత్రాలు ముందే వారికి పంపండి. మీది భాషా సదస్సు కదా. ‘సంధి’ అని వినగానే అక్షరాల కలయికా, రాజుల ఒడంబడికా, జ్వరంలో పలవరింతా అన్నది అప్పటికప్పుడు తేల్చుకుని చేతులు కదపడం ఎంత టెన్షనో ఆలోచించండి.

ఇంకో మాట. మీ ఆహ్వానం నాకు వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది. చూపు లేనివారికి ఫోనులోని అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు చాలాసార్లు అది ఉత్త బొమ్మ. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పత్రాన్ని అలాగే పంపినా తెలుగు బదులు పిచ్చి అక్షరాలు వినిపిస్తాయి. ఏ ఫోనైనా, కంప్యూటరైనా గుర్తించే యూనికోడ్ అక్షరాల్లో కొట్టి, ఆ పాఠాన్ని ఫొటో కింద పెట్టండి.

కార్డు మీద నేనైతే ఇలా రాస్తాను: ‘సదస్సు అందరికీ అందుబాటులో ఉంటుంది. హాలులోకి ర్యాంపు ఉంది. సైగభాష అనువాదం ఉంటుంది. ఇంకేమైనా కావాలంటే వారం ముందు చెప్పండి.’ ర్యాంపు నిజంగా ఉంటేనే సుమా. ‘అందరికీ’ అన్నాక వక్తలూ అందులోకే వస్తారు. చక్రాల కుర్చీలో వచ్చిన వక్త మీ వేదిక మెట్లు ఎక్కేదెలాగో, కార్డు ప్రెస్సుకు ఇచ్చేముందు ఒకసారి వెళ్లి చూడండి.