రీ: కరోనాలో మాల్దీవులు వెళ్లడం స్వార్థమా?

2021 ఏప్రిల్‌లో హనీమూన్‌కి మాల్దీవులు వెళ్లొచ్చారని మీ ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతున్నారన్నారు కదండీ. నాకైతే ప్రయాణం కన్నా ఫోటోలే ఆవిడను ఎక్కువ బాధపెట్టాయనిపిస్తోంది. ఇక్కడ జనం ఆక్సిజన్ సిలిండర్ కోసం, రెమ్డెసివిర్ కోసం వాట్సాప్ గ్రూపుల్లో నంబర్లు వెతుక్కుంటుంటే, అదే ఫోన్‌లో మీ నీలి సముద్రం, ఈతకొలనులో తేలే టిఫిన్ ట్రే. కడుపు మండదా మరి?

అలాగని మీరు దొంగచాటుగా వెళ్లలేదు. ఆ దేశం 2020 జూలై 15 నుంచే పర్యాటకులను రానిచ్చింది, వాళ్ల బతుకుతెరువు చాలావరకు దానిమీదే. కానీ కరోనా నెగటివ్ రిపోర్టు పరీక్ష చేసిన రోజు మాటే చెబుతుంది, విమానం ఎక్కిన రోజుది కాదు. రిసార్టులో వడ్డించే కుర్రాళ్లూ సెలవుకి ఇంటికి వెళ్తారు, వైరస్ కూడా వాళ్లతో పాటే వెళ్లొచ్చు. 2021 మే 13 నుంచి మనవాళ్లను రావద్దన్నారంటే ఊరికే కాదుగా! కొంత స్వార్థం ఉందనే అంటాను, నేరం మాత్రం కాదు.

ఆవిడతో రూల్స్ గురించి వాదించకండి. అప్పుడు ఆవిడ తన మామగారికి బెడ్ కోసం తిరుగుతున్నారని మీరే రాశారు. "వదినా, ఆ రోజుల్లో ఫోన్ చేసి ఎలా ఉన్నారని కూడా అడగలేదు" అనండి చాలు. బుకింగ్ డబ్బులు వాపసు రావన్న సంగతి మాత్రం ఎత్తకండి, గొడవ మళ్లీ మొదటికొస్తుంది.