టోపీ తీసి చదువు

పర్లాకిమిడి,
కార్తీక సోమవారం

ఒరే అల్లుడూ,

దసరాకి వచ్చి నాలుగు రోజులున్నావు. నాలుగు రోజులూ టోపీ తియ్యలేదు, ఆఖరికి అన్నం దగ్గర కూడా. "గుంటడికి తల మీద దెబ్బేటైనా తగిలిందేటి?" అని మీ అత్త నన్నడిగింది. ఏం తగిలిందో నాకు తెలుసు, జుట్టు ఊడుతోంది. అద్దం ముందు నువ్వు అరగంట నించుంటే, స్నానాల గది బయట తువ్వాలు భుజానేసుకుని కాచుకున్నది నేనే కదా.

మీ అమ్మ ఫోన్లో రాయగడ నీళ్లు పడలేదంటోంది. నాగావళి ఏం పాపం చేసిందిరా? అవే నీళ్లు పోసుకున్నవాళ్లకి దుబ్బు జుట్లున్నాయి. హెల్మెట్ వల్ల కూడా కాదు, దాన్ని మాత్రం మానకు. అసలు ముద్దాయిని నేను. మేనమామ పోలిక అంటారే, అది ముక్కుతో ఆగదు. మగ హార్మోను నుంచి డీహెచ్‌టీ అని ఒకటి తయారవుతుంది. దానికి నుదుటి మూలల్లో, నడినెత్తిన ఉండే కుదుళ్లు లొంగిపోతాయి. ఊడి మళ్లీ మొలిచే ఒక్కో విడతకీ వెంట్రుక సన్నబడి, పొట్టిదై, చివరికి నూగులా మిగులుతుంది. ఎంత లొంగాలో తేల్చే జన్యువుల్లో ముఖ్యమైనదొకటి ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అది మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుంది. మా అమ్మ నాకిచ్చిందే మీ అమ్మకీ ఇచ్చి ఉంటుంది. అలాగని మీ నాన్న వైపు నుంచి ఏమీ రాలేదనుకోకు, ఆయన నడినెత్తి నువ్వూ చూశావుగా. 1942లో హామిల్టన్ అనే అమెరికా ఆయన ఒక సంగతి రాశాడు: యుక్తవయసు రాకముందే వృషణాలు పోయినవాళ్లకి బట్టతల రాలేదట. ఆ వైద్యం మనకొద్దులే.

నీకు ఇరవై మూడు. నాకు ఇరవై నాలుగులో మొదలైంది. 1984లో గుణుపురం పెళ్లిచూపులకి వెళ్లేసరికి ముందు రెండు పక్కలా వీధి అరుగుల్లా ఖాళీ అయిపోయింది. అప్పటికే సంతలో ఒకడి దగ్గర నెల జీతం పోసి నూనె కొన్నాను, దిండు గలీబు పచ్చబడిందంతే. ఇక లాభం లేదని, బయల్దేరేముందు మా వదిన కాటుక బరిణి తీసి ఆ రెండు ఖాళీల్లోనూ పులిమాను. మే నెల. మన చిన్న రైలు. బొగ్గు ఇంజను. గుణుపురంలో దిగి వాళ్లింట్లో కూర్చున్నాక కరెంటు పోయింది. చెమట కారుతుంటే ముసలమ్మ ఒకావిడ తెల్ల తువ్వాలు అందించింది. తుడుచుకుని చూస్తే తువ్వాలు నల్లగా ఉంది. "రైలు మసండీ" అన్నాను. అందరూ నమ్మారు. లోపల గుమ్మం దగ్గర నించున్న పిల్ల మాత్రం పెళ్లయిన మూడో నెలలో అడిగింది: "మసయితే మొహమంతా ఉండాలి గదా, నుదుటి మీద రెండు చారలేనా?" ఆ పిల్లే మీ అత్త.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. ముందు అద్దం మానెయ్. రోజూ చూసేవాడికి ఏమీ తెలీదు, భయం మాత్రం పెరుగుతుంది. నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి, తడి లేని తలతో ఫోటోలు తీసుకో: ముందు, నడినెత్తి, రెండు మూలలూ. మూడు నెలల తర్వాత పక్కపక్కన పెట్టి చూడు. కొందరికి ఇరవైలలో చిన్నప్పటి నుదుటి గీత కాస్త పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అది బట్టతల కాదు, మొహం ముదరడం. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం కూడా మామూలే. దువ్వెన చూసి లెక్కపెట్టకు.

ఇంకోటి. వానాకాలంలో నీకు మలేరియా వచ్చింది గదా. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి తలంతా ఒకేలా, కుప్పలుగా రాలుతుంది. మలేరియా గానీ టైఫాయిడ్ గానీ డెంగీ గానీ, వేటి తర్వాతైనా అంతే. రాలిన వెంట్రుక పొడుగ్గా, లావుగా ఉంటే చాలావరకూ అదే, కొన్ని నెలల్లో దానంతటదే తిరిగొస్తుంది. మూలల్లో సన్నగా, పొట్టిగా మిగిలితే అది మన వంశానిది. నీకు రెండూ కలిసి ఉన్నాయని నా అనుమానం. రూపాయి బిళ్లంత గుండ్రంగా నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, వేరే జబ్బు. దానికి గురివింద గింజ అరగదీసి రాయమని మీ అమ్మ అంటుంది. ఒప్పుకోకు, ఆ గింజ విషం.

ఈ ముడి విప్పాల్సింది చర్మవ్యాధుల డాక్టరు. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా సరే, రైలెక్కి విశాఖ కేజీహెచ్‌కి పోయినా సరే. కానీ ఈ చలికాలంలోనే వెళ్లు. ఎందుకింత తొందరంటే, మందులు ఉన్నదాన్ని నిలబెడతాయి, సన్నబడినదాన్ని కొంత లావు చేస్తాయి, పూర్తిగా పోయినదాన్ని తేలేవు. ఫినాస్టిరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రని అమెరికాలో 1997లో బట్టతలకి అనుమతించారు. అదే మందు 5 మిల్లీగ్రాములు నేను ప్రోస్టేటుకి రోజూ వేసుకుంటున్నాను. నా తల మీద ఒక్కటి మొలిచిందా? నలభై ఏళ్లు ఆలస్యమైంది మరి. కొద్దిమందిలో అది కోరిక తగ్గిస్తుంది, మనసు దిగులుగా ఉంటుంది. అందుకే నా మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వలేదు, నీకూ ఇవ్వను. కడుపుతో ఉన్న ఆడవాళ్లు చితికిన మాత్ర ముట్టుకోకూడదు కూడా.

మినాక్సిడిల్ వేరు, అది రాసుకునేది. మొదట్లో రక్తపోటు మాత్ర. మింగినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు మొలుస్తుంటే చూసి లోషన్ చేశారు. డాక్టరు రాస్తే ఇలా వాడు: పొడి తల మీద పాయ తీసి, పిప్పెట్టులో గీత దాకా ఒక మిల్లీలీటరు, జుట్టుకి కాదు చర్మానికి, పొద్దునా రాత్రీ. తర్వాత చేతులు కడుక్కో. మొదటి వారాల్లో రాలడం ఎక్కువ కావచ్చు. ఒకసారి ఒక కుర్రాడు రాలిన జుట్టంతా పాలిథిన్ సంచీలో పోసుకొచ్చి నా కౌంటరు మీద బోర్లించాడు, "డబ్బులు ఇస్తావా ఇవ్వవా" అని. కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఇంకో నాలుగు నెలలు ఆగమన్నాను. ఆరో నెలలో మళ్లీ సీసా కోసం వచ్చాడు, సంచీ లేకుండా. మానేస్తే మాత్రం వచ్చినది కొన్ని నెలల్లో పోతుంది, అది తెలిసి మొదలుపెట్టు.

కొబ్బరినూనె రాసుకో, జుట్టు తక్కువ తెగుతుంది, మొలవదు. ఉల్లిపాయ రసం వల్ల వాసనే మిగులుతుంది. బయోటిన్ బిళ్లలు ఒంట్లో లోపం లేనివాడికి దండగ. పైగా థైరాయిడ్ రక్తపరీక్ష తప్పు చూపించొచ్చు. గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుందన్నది కూడా వట్టి మాట. సింహాచలంలో నేను నాలుగుసార్లు తలనీలాలిచ్చాను, మొక్కేమిటని అడిగితే చెప్పలేక నవ్వేవాణ్ణి. వెనకనుంచి తీసి ముందు నాటే ఆపరేషన్ మంచిదే గానీ, ఈ వయసులో ఎంతవరకూ ఊడుతుందో తేలదు. ఇప్పుడు ముందు నాటించి, తర్వాత దాని వెనక ఊడితే తల మీద లంకలు మిగుల్తాయి. ఇంకొన్నేళ్లు ఆగు.

ఇవేవీ వద్దనుకుంటే మంగలి దగ్గర పొట్టిగా కొట్టించెయ్, పక్కలు పొట్టిగా ఉంటే మూలలు అంత కనబడవు. ఎవడైనా వెక్కిరిస్తాడా? వెక్కిరిస్తాడు. నన్ను మా వీధి ఒడియా కుర్రాళ్లు "చందా" అనేవారు, వాళ్ల భాషలో బట్టతల. వినాయకచవితికి వాళ్లే చందాకి వస్తే, "ఒక చందా దగ్గర ఇంకో చందా ఎందుకురా" అని నేను అడిగేవాణ్ణి. అయినా పదకొండు రూపాయలు ఇవ్వాల్సొచ్చేది.

మాఘంలో మీ పెదనాన్న కూతురి పెళ్లికి వస్తావు గదా. డాక్టరు చీటీ, మూడు నెలల ఫోటోలు తీసుకురా, కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు మజ్జిగౌరమ్మ కుంకుమ తెమ్మంది మీ అత్త. కాగితంలో కట్టించు, పోయినసారి సంచీ అంతా అయింది.

మీ మావయ్య